భయపడాల్సింది పోర్కుకు కాదు... క్యాబేజీకి!

"పోర్కా? ఈ ఇంట్లోనా? వండిన గిన్నె కూడా బయట పారేయాల్సిందే!"

తడ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా సరే... 'ఆదివారం పుల్డ్ పోర్క్ శాండ్‌విచ్ చేసుకుందామమ్మా' అని కొడుకో కూతురో నోరు జారితే ముందుగా వినిపించే మాట ఇలాగే ఉంటుంది. ఆ ఇల్లు మాంసం ముట్టని ఇల్లేం కాదు. పులికాట్ రొయ్యలు, పీతల ఇగురు, నాటుకోడి పులుసు... వారం వారం ఏదో ఒకటి పొయ్యి మీద ఉండాల్సిందే. పంది దగ్గరికి వచ్చేసరికే ముఖం చిట్లుతుంది.

మరి పిల్లలకు ఈ కోరిక ఎక్కడి నుంచి వచ్చింది? తడకు అన్నీ దగ్గరే. ఆరంబాకం చేరితే తమిళనాడే. హైవే ఎక్కితే గంటన్నరలో చెన్నై. పక్కనే 2008లో మొదలైన శ్రీసిటీ. అక్కడి జపాన్, కొరియా కంపెనీల నుంచి వచ్చే ఇంజినీర్లకు పోర్కు అంటే మనకు కోడికూర లాంటిదే. ఇక అమెరికాలో రాలీ, కేరీ, షార్లట్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలకు కొదవలేదు. అవన్నీ ఉన్నది నార్త్ కరోలినాలో. ఈ శాండ్‌విచ్ పుట్టిల్లుగా చెప్పుకునే రాష్ట్రాల్లో అదొకటి! సెలవులకు ఊరొచ్చిన పిల్లలు అక్కడి రుచిని ఇక్కడ వెతుక్కుంటారు.

సరే, గిన్నె సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. అమ్మ అడిగే రెండో ప్రశ్న ఉంది చూశారూ... అది మాత్రం కొట్టిపారేసేది కాదు.

"అది తింటే మెదడులో పురుగు వస్తుందంట కదరా అబ్బయ్యా?"

ఈ ప్రశ్నకు జవాబు దొరక్కుండా పొయ్యి వెలిగించడం మంచిది కాదు. తమాషా ఏమిటంటే, ఆ జవాబు వింటే అమ్మ అనుమానం మాంసం మీద నుంచి పక్కనున్న పచ్చి క్యాబేజీ మీదికి మళ్లుతుంది.

కరోలినా పులుపు

ముందు ఇంతకీ ఇదేమిటో చూద్దాం. పంది ముందుకాలి పైభాగాన్ని... అదే, జబ్బను... గంటల తరబడి సన్నని సెగ మీద మగ్గబెడతారు. కత్తి అక్కర్లేకుండా వేళ్లతో లాగితే కొబ్బరి పీచులా విడిపోతుంది. అలా లాగి విడదీసిన మాంసం కాబట్టే 'పుల్డ్ పోర్క్'. దానికి పుల్లకారపు సాసు పట్టించి, బన్నులో పెట్టి, పైన పచ్చి క్యాబేజీ తురుముతో చేసిన కోల్‌స్లా వేస్తారు. వేడి వేడి మాంసం, చల్లటి క్యాబేజీ. మెత్తదనం ఒకటి, కరకర ఒకటి. అంతే కథ!

అమెరికా ఖండానికి పంది స్వతహాగా చెందింది కాదు. 1493లో కొలంబస్ రెండోసారి వెళ్లినప్పుడు ఓడల్లో పందుల్ని తీసుకెళ్లాడు. 1539లో డి సోటో అనే స్పెయిన్ సేనాని ఫ్లోరిడాలో దిగినప్పుడు ఆయన వెంట పందుల మంద ఉంది. కట్టెల పందిరి మీద మాంసం కాల్చే పద్ధతి కరీబియన్ దీవుల ఆదివాసులది. 'బార్బెక్యూ' అన్న మాటా వాళ్ల భాషలోంచి స్పానిష్ మీదుగా వచ్చిందే. దక్షిణ రాష్ట్రాల్లో గుంటలు తవ్వి, రాత్రంతా నిప్పు కనిపెట్టుకుని కూర్చుని ఈ వంటను నిలబెట్టిన చేతులు మాత్రం ఎక్కువగా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారివి. కోల్‌స్లా డచ్చివాళ్ల మాట. వాళ్ల భాషలో 'కూల్' అంటే క్యాబేజీ, 'స్లా' అంటే సలాడ్.

ఊరుకో రుచి. నార్త్ కరోలినా తూర్పు వైపు పందిని మొత్తంగా కాల్చి వెనిగర్, మిరప కలిపిన పల్చటి సాసు పోస్తారు. పడమర వైపు, లెక్సింగ్టన్ పద్ధతిలో జబ్బ ఒక్కటే వండి సాసులో కాస్త టమాటా కెచప్ కలుపుతారు. సౌత్ కరోలినా నడిమి భాగంలో ఆవాల సాసు. టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో కోల్‌స్లాను పక్కన పెట్టరు... శాండ్‌విచ్ లోపలే పెడతారు.

సీసాల్లో దొరికే తియ్యటి బార్బెక్యూ సాసు చూసి 'ఇదేం రుచి' అని పెదవి విరిచేవాళ్లు మన దగ్గర చాలామందే ఉంటారు. నిజమే, నెల్లూరు చేపల పులుసు తిన్న నాలుక దానికి లొంగదు. తూర్పు కరోలినా సాసు అలా కాదు. పులుపు, కారం, చిటికెడు తీపి. చింతపండు బదులు వెనిగర్ అనుకుంటే ముప్పాతిక దారి వచ్చేసినట్టే. పైగా చేపల పులుసులాగే ఇదీ ఒక పూట ఊరితే ఇంకా బాగుంటుంది.

పురుగు కథ

ఇప్పుడు అమ్మ ప్రశ్న.

బద్దెపురుగు పేరు స్కూలు సైన్సు పుస్తకంలో అందరూ చదివిందే. పంది కండలో ఆ పురుగు పిల్లలు చిన్న చిన్న నీటి బుడగల్లా దాక్కుని ఉంటాయి. అలాంటి మాంసాన్ని సరిగ్గా ఉడకకుండా తింటే అవి మనిషి పేగుల్లో బద్దెపురుగుగా పెరుగుతాయి. ఇది మొదటి జబ్బు. ఇబ్బందే, కానీ డాక్టరు రాసే మందుతో పోతుంది.

మెదడులోకి వెళ్లేది వేరే దారిన. పేగుల్లో పురుగున్న మనిషి మలంలో దాని గుడ్లు బయటికి వస్తాయి. చేతులు సరిగ్గా కడుక్కోకపోతే ఆ గుడ్లు వంటలోకి వస్తాయి. ఆరుబయట మలవిసర్జన జరిగే చోట, మురుగునీరు పారే పొలంలో కూరగాయలకు అంటుకుంటాయి. ఆ గుడ్లు మన నోట్లోకి వెళ్తేనే పురుగు పిల్లలు రక్తంలో కలిసి మెదడుకు చేరి తిత్తులు కడతాయి. ఫిట్స్ వస్తాయి. ఈ పురుగు బెడద ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అంటే... మెదడులో పురుగు రావడానికి పంది మాంసం తినాల్సిన పనే లేదు! శాకాహారులకూ వస్తుంది. 1992లో అమెరికాలో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి పెద్ద ఉదాహరణ. న్యూయార్క్‌లో నిష్ఠగా ఉండే యూదు కుటుంబాల్లో కొందరికి ఫిట్స్ వచ్చాయి. పరీక్ష చేస్తే మెదడులో ఈ తిత్తులే. వాళ్ల మతంలో పంది మాంసం నిషిద్ధం, ముట్టనైనా ముట్టరు. మరి ఎలా? ఈ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చి ఆ ఇళ్లలో వంటా పనీ చేస్తున్నవారి పేగుల్లో పురుగు ఉండటం వల్ల వచ్చి ఉంటుందని డాక్టర్లు తేల్చారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పందికి ఆ పురుగు ఎక్కడిది? మనిషి మలం నుంచే! వీధిలో వదిలేసిన పంది మనం వదిలేసిన మురికి తింటేనే దాని కండలో తిత్తులు పడతాయి. పంది మురికిదైతే ఆ మురికి ఊరిది.

కానీ మన చీదర పంది దగ్గర ఆగలేదు. దాన్ని పెంచుకుని బతికే ఎరుకల కుటుంబాల మీదికీ పాకింది. బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో వాళ్లని ఏకంగా 'నేరస్థ తెగల' జాబితాలోకి ఎక్కించారు. పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర! స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం చట్టంతో పాటు పోలేదు. అదే మాంసానికి ఇంగ్లిషు పేరు పెట్టి స్టార్ హోటల్ మెనూలో రాస్తే మనమే వరసలో నిలబడతాం మరి.

కొనేటప్పుడే సగం జాగ్రత్త

వీధి పంది వేరు, షెడ్డులో దాణా తిని పెరిగిన పంది వేరు. ఈ తేడా తెలియడానికి తడ నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కేంద్రం ఉంది. ఎస్‌వీవీయూ టీ-17 అనే సంకర రకాన్ని అభివృద్ధి చేసింది అక్కడే. అందులో 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తం, 25 శాతం మన నాటు రక్తం. సీమ పంది ఎదుగుదల, నాటు పంది ఓర్పు రెండూ కలిసిరావాలన్నది ఉద్దేశం. పందులకు ఈ బద్దెపురుగు సోకకుండా టీకా కూడా వచ్చింది. తయారుచేస్తున్నది ఎవరో కాదు, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థే.

కాబట్టి పశువైద్యుడు పరీక్షించిన మాంసం, లైసెన్సు ఉన్న దుకాణం... ఈ రెండూ చూసుకుని కొనాలి. కాలనీ కాలవ గట్టున తిరిగే పందిని పట్టి కోసింది చవగ్గా వస్తుందని తీసుకోవద్దు. చెన్నైలో ప్యాక్ చేసి గడ్డకట్టించింది కొంటే ఐసుపెట్టెలో పెట్టి తెచ్చుకోవాలి. తడ ఎండకు కారు డిక్కీలో గంటన్నర ప్రయాణం మాంసానికి మంచిది కాదు. మంచి ముక్క లేత ఎరుపులో, కొవ్వు తెల్లగా గట్టిగా ఉంటుంది. కండ మధ్యలో బియ్యపు గింజంతో బఠాణీ అంతో తెల్లటి బుడిపెలు కనిపిస్తే మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేయండి.

'అడవి పంది దొరికింది, తీసుకుంటారా' అని ఎవరైనా గుట్టుగా అడిగితే? వద్దు. అడవి పందిని వేటాడటం, ఆ మాంసం అమ్మడం వన్యప్రాణి చట్టం కింద నేరం. పరీక్ష చేసినవారు లేరు కాబట్టి రోగాల భయం కూడా ఎక్కువే.

జబ్బ ముక్కే ఎందుకు?

పంది బరువులో ఎక్కువ భాగం మోసేది ముందుకాళ్లు. అందుకే జబ్బ కండ గట్టిగా ఉంటుంది, నరాలు పీచు ఎక్కువ. మామూలు కూరలా అరగంట ఉడికిస్తే నమలలేం. ఆ పీచులో ఉండే కొల్లాజెన్ అనే పదార్థం నెమ్మదిగా, ఎక్కువసేపు వేడి తగిలితే కరిగి జిలాటిన్ అవుతుంది. మేక కాళ్ల పాయా జిగటగా ఉంటుంది చూడండి... అదే ఇది. జబ్బ మధ్యలో కొవ్వు కూడా ఉంటుంది కాబట్టి ఎంతసేపు ఉడికినా ఎండిపోదు. 'కొవ్వు తీసేసి ఇవ్వండి' అని కసాయి దగ్గర అనకండి. వంటయ్యాక పైన తేలినది తీసేసుకోవచ్చు.

అమ్మ భయానికి ఇక్కడ పూర్తి జవాబు దొరుకుతుంది. పోర్కు పెద్ద ముక్క లోపలిదాకా 63 డిగ్రీలకు చేరి, దించాక మూడు నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో నిర్ణయించింది. పుల్డ్ పోర్కు ఆ వేడి దగ్గర ఇంకా చెప్పు తోలే! అది విడిపోవాలంటే లోపల 90, 95 డిగ్రీలు రావాలి. ప్రెషర్ కుక్కర్‌లో అయితే వేడి 120 దాకా పోతుంది. అంత వేడిలో గంటసేపు ఉన్నాక ఆ మాంసంలో ఏ పురుగూ బతకదు. మాంసం మెత్తబడిందంటే పురుగు భయం ఎప్పుడో దాటిపోయిందన్నమాట.

శనివారం రాత్రే మొదలు

కిలో ముక్కకు రెండు టీస్పూన్ల ఉప్పు, టేబుల్ స్పూను బెల్లం పొడి, టేబుల్ స్పూను కారం, టీస్పూను చొప్పున మిరియాల పొడి, జీలకర్ర పొడి, అర టీస్పూను ఆవపిండి, నాలుగు వెల్లుల్లి రెబ్బల ముద్ద. అమెరికావాళ్లు వేసే బ్రౌన్ షుగర్ కన్నా మన చిత్తూరు బెల్లమే నయం. కారం మరీ ఘాటుదైతే సగం తగ్గించండి. ముక్కను నాలుగు పెద్ద భాగాలు చేసి ఇవన్నీ పట్టించి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఆదివారం పొద్దున కుక్కర్‌లో రెండు చెంచాల నూనె కాగాక ముక్కల్ని అన్ని వైపులా ఎర్రగా కాల్చి తీయాలి. తొందరపడొద్దు, రుచి సగం ఈ రంగులోనే ఉంది. అదే నూనెలో పెద్ద ఉల్లిపాయ తరుగు వేయించి, పావు కప్పు వెనిగర్, కప్పు నీళ్లు పోసి, అడుగున అంటిందంతా గీకి, ముక్కల్ని తిరిగి వేయాలి. వెనిగర్ పోస్తున్నాం కాబట్టి స్టీలు కుక్కరైతే మేలు. ఒక విజిల్ రాగానే మంట బాగా తగ్గించి 50 నిమిషాలు. తర్వాత ఆవిరి దానంతటదే పోయేదాకా మూత తీయొద్దు. ఫోర్కు గుచ్చి తిప్పితే కండ పోగులుగా విడిపోవాలి. విడిపోకపోతే మళ్లీ మూతపెట్టి పది, పదిహేను నిమిషాలు. ముక్క ముక్కకూ తేడా ఉంటుంది, గడియారం చూసి దించేయకండి.

ఓవెన్ ఉన్నవాళ్లు మందపాటి గిన్నెలో పెట్టి, రేకు గట్టిగా కప్పి 150 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు వదిలేయవచ్చు. కరెంటు మాట మీదే.

కట్టెల పొగ వాసన ఎలా? రెండు ఫోర్కులతో మాంసం విడదీశాక మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, ఎర్రగా కాలిన బొగ్గు కణిక అందులో వేసి, నాలుగు చుక్కల నెయ్యి పోసి వెంటనే మూతపెట్టండి. ఐదు నిమిషాలు చాలు. కిటికీలు తెరిచి ఉంచడం మరవొద్దు.

కుక్కర్‌లో మిగిలిన రసం మీద తేలిన కొవ్వు తీసేసి, సగం అయ్యేదాకా మరిగించి మాంసంలో కలపాలి. సాసుకు వేరే గిన్నెలో కప్పు వెనిగర్, టేబుల్ స్పూను బెల్లం, టీస్పూను ఎండుమిరప పలుకులు, అర టీస్పూను ఉప్పు... బెల్లం కరిగేదాకా వేడిచేస్తే చాలు. ఎముక, కొవ్వు, నీరు పోగా కిలో మాంసం ఆరు, ఏడు శాండ్‌విచ్‌లకు సరిపోతుంది.

క్యాబేజీ సంగతి

మాంసం కుక్కర్‌లో గంటసేపు పరీక్ష రాసింది. క్యాబేజీ ఏ పరీక్షా లేకుండా పచ్చిగా నోట్లోకి పోతోంది! నేలకు దగ్గరగా పెరుగుతుంది, పొర మీద పొర. ఏ నీళ్లతో పండించారో మనకు తెలియదు. కూర వండుకుంటే బెంగలేదు. పచ్చిగా తినేటప్పుడే జాగ్రత్త కావాలి.

పైన మూడు నాలుగు ఆకులు తీసి పారేయండి. నాలుగు చెక్కలు చేసి ఆకుల్ని విడదీసి, కుళాయి ధార కింద ఒక్కోదాన్నీ వేళ్లతో రుద్ది కడగండి. ఉప్పునీళ్లలో నానబెడితే మట్టి, పచ్చపురుగులు వదులుతాయి కానీ బద్దెపురుగు గుడ్లు చావవు. ఇంట్లో చిన్నపిల్లలుంటే కడిగిన ఆకుల్ని సలసల మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, తీసి వెంటనే కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లలో వేయండి. కరకర కొంచెం తగ్గుతుంది. పోనివ్వండి. అప్పుడు గుడ్డ మీద ఆరబెట్టి సన్నగా తరగండి. మాంసం కోసిన పలక, కత్తి దీనికి వాడొద్దు. వంట మొదలుపెట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం అన్నిటికన్నా ముఖ్యం.

మయొనైజ్ మాటేమిటి? పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాది పాటు నిషేధించాయి. పచ్చి గుడ్డులో ఉండే సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవుల భయమే కారణం. మన ఇంట్లో గడ్డపెరుగు ఉండగా ఆ గొడవెందుకు? పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి ఫ్రిజ్‌లో రెండు గంటలు వేలాడదీస్తే నీరు పోయి వెన్నలా అవుతుంది. ముప్పావు కప్పు ఆ పెరుగులో రెండు చెంచాల నిమ్మరసం, చెంచా పంచదార, పావు చెంచా ఆవపిండి, మిరియాల పొడి, ఉప్పు. అర క్యాబేజీ తరుగు, ఒక క్యారెట్ తురుము కలిపితే కోల్‌స్లా. వేసవిలో నిమ్మరసం బదులు బెంగుళూరు మామిడికాయ తురుము వేసి చూడండి. కరోలినావాళ్లకు ఆ అదృష్టం లేదు.

తినే ముందే కలపాలి, లేకపోతే నీళ్లూరుతుంది. టీలో ముంచుకునే తియ్యటి బన్ను దీనికి పనికిరాదు. పావ్ లాంటి ఉప్పటి బన్నును అడ్డంగా కోసి, పెనం మీద వెన్నతో లోపలి వైపు కాల్చాలి. మాంసం, పైన చెంచాడు సాసు, ఆపైన కోల్‌స్లా. చేతికి కారుతుంది, మోచేతి దాకా కూడా. దానికి సిద్ధపడే కూర్చోవాలి.

పంది వద్దనుకునే ఇంటికి కోడి తొడ మాంసంతో ఇదే పద్ధతి, కుక్కర్‌లో పావుగంట చాలు. శాకాహారులకు లేత పనసకాయ ఉంది. పనసపొట్టు కూర తెలిసిన మనకు అది విడదీయడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

వండింది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది, తినే ముందు పొగలు వచ్చేలా వేడిచేయాలి. ఒకవేళ మిగిలితే... సోమవారం రాత్రికి రాగి సంగటి ముద్దలో గుంట చేసి, ఈ మాంసం రసంతో సహా అందులో వేయండి. అప్పటికి గిన్నె పారేసే మాట ఎవరికైనా గుర్తుంటుందో లేదో!